కక్ష కాదు, కక్ష్య

పోయిన అర్ధ సంవత్సర పరీక్షలో సైన్సు పేపర్లో ఒక ప్రశ్న వచ్చింది. గ్రహాలు సూర్యుని చుట్టూ ఎలా తిరుగుతాయి? రెండు మార్కులు. నాకు జవాబు బాగా తెలుసు కాబట్టి గబగబా రాసేశాను. "భూమి సూర్యుని చుట్టూ తన కక్షలో తిరుగుతుంది" అని మొదలుపెట్టాను. పేపర్లు ఇచ్చిన రోజు సైన్సు సారు నా జవాబు క్లాసులో పైకి చదివి, "భూమికి సూర్యుడి మీద ఏం కక్ష ఉందమ్మా? పొలం గట్టు తగాదానా?" అని అడిగారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ లోపల సిగ్గేసింది. అర మార్కు పోయింది. నేను రాయాల్సింది "కక్ష్య". కింద య ఒత్తు వదిలేశాను. ఆ ఒక్క ఒత్తు లేకపోతే భూమి తిరిగే దారి కాస్తా పగ అయిపోయింది.

అక్కడితో ఆ సంగతి మర్చిపోయేదాన్నే. కానీ అదే వారం మా ఇంట్లో ఇంకో మాట నడుస్తోంది. మా తమ్ముడిని వచ్చే జూన్ నుంచి సింధనూరులో ఇంగ్లీషు మీడియంలో వేయాలని నాన్న అనుకుంటున్నారు. అమ్మ "అక్క చదివిన బడే కదా, వాడూ ఇక్కడే చదువుకుంటాడు" అంది. నాన్న ఒప్పుకోలేదు. "తెలుగులో సైన్సుకి మాటలెక్కడున్నాయి? అన్నీ ఎక్కడో అక్కడ నుంచి తెచ్చుకున్నవే. అదేదో నేరుగా ఇంగ్లీషులోనే చదివితే పోలా?" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. నేను పదేళ్లుగా చదువుతున్నది తెలుగులో. నా సైన్సు అంతా తెలుగులోనే నా తలలో ఉంది. అది అప్పు తెచ్చుకున్న సైన్సా? నాన్నకి ఏం జవాబు చెప్పాలో తెలియలేదు. ఎందుకంటే కక్ష్య అనే మాట ఎక్కడ నుంచి వచ్చిందో నాకూ తెలియదు.

మరునాడు తెలుగు మేడమ్‌ని అడిగాను. మేడమ్ స్టాఫ్ రూములోని పెద్ద నిఘంటువు నా చేతికిచ్చి, "నువ్వే చూడు" అన్నారు. ఆ రోజు మొదలుపెట్టిన వెతుకులాటే ఈ వ్యాసం.

ముందు మన చుట్టూ ఉన్న భాషల సంగతి చెప్తాను. మనది రాయచూరు జిల్లా. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడ, బస్సులో ఉర్దూ కూడా వినిపిస్తుంది. తెలుగులో కక్ష అంటే పగ. "వాడి మీద కక్ష కట్టాడు", "కక్ష తీర్చుకున్నాడు" అంటాం. కన్నడ సైన్సు పుస్తకంలో కక్షె అంటే గ్రహం తిరిగే దారి. అక్కడ య ఒత్తు లేదు! అంటే నేను కన్నడ మీడియంలో చదివి ఉంటే నా అర మార్కు నాకు ఉండేది. ఇక సి.బి.ఎస్.ఇ. బడిలో చదివే మా బాబాయి కొడుకు హిందీ పుస్తకం తీసి చూస్తే అట్ట మీద "కక్షా 8" అని ఉంది. అక్కడ కక్షా అంటే తరగతి. అదే హిందీలో గ్రహం తిరిగే దారిని కూడా కక్షా అనే అంటారు. ఒకే మాట ఒక చోట పగ, ఒక చోట తరగతి, ఒక చోట ఆకాశంలో దారి. ఇదేం విచిత్రం అనిపించింది.

నిఘంటువు తెరిస్తే విచిత్రం ఇంకా పెరిగింది. ఇది సంస్కృతం నుంచి వచ్చిన మాట. కక్ష అంటే మొదటి అర్థం చంక! కక్ష్య అంటే నడుముకు కట్టుకునే మొలనూలు, ఏనుగు నడుముకి బిగించే పటకా, మేడలోని ఒక భాగం, ప్రాకారం. సంస్కృతం నేర్చుకునేవాళ్లు పాతకాలం నుంచి కంఠస్థం చేసే అమరకోశంలో కూడా కక్ష్యకి మేడలోని గది, వడ్డాణం, ఏనుగు నడికట్టు అనే మూడు అర్థాలు చెప్పారని మేడమ్ వివరించారు. చంకకీ, ఏనుగు పటకాకీ, గదికీ, చంద్రుడు తిరిగే దారికీ ఏమిటి సంబంధం? నేను రెండు రోజులు ఆలోచించాను. నోటు పుస్తకంలో ఏనుగు బొమ్మ గీసి, దాని పొట్ట చుట్టూ పటకా గీశాను. నడుము గీసి వడ్డాణం గీశాను. ఊరు గీసి చుట్టూ గోడ గీశాను. చివరికి భూమిని గీసి దాని చుట్టూ చంద్రుని దారి గీశాను. నాలుగు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే అన్నీ ఒకటే. మధ్యలో ఒకటి ఉంది, దాని చుట్టూ ఇంకొకటి చుట్టి ఉంది. కట్టు, గోడ, దారి, ఏదైనా సరే, చుట్టి ఉండేదే కక్ష్య.

ఈ సంగతి బొమ్మల్లో కంటే మా విహారయాత్రలో ఇంకా బాగా అర్థమైంది. డిసెంబరులో మమ్మల్ని రాయచూరు కోటకి తీసుకెళ్లారు. మనలో చాలామంది రాయచూరు బస్టాండులో దిగుతాం, కోట గోడ పక్క నుంచే నడిచి వెళ్తాం గానీ ఎవరూ సరిగ్గా చూడం. ఈ కోటకి రెండు వరసల గోడలున్నాయి. లోపలి గోడ పాతది. పెద్ద పెద్ద రాళ్లను చెక్కి, సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టారు. పడమటి వైపు గోడలో నలభై అడుగులు దాటిన పొడవున్న ఒకే రాయి ఉంది. దాని మీద 1294 నాటి కాకతీయుల కాలపు శాసనం ఉంది. గోన గన్నారెడ్డి దగ్గర ఉన్న విఠలనాథుడు ఈ కోట కట్టించాడని చరిత్ర సారు చెప్పారు. బయటి గోడ తర్వాత వచ్చిన సుల్తానుల కాలంలో కట్టారు. మక్కా దర్వాజా, నౌరంగి దర్వాజా, కాటి దర్వాజా ఆ గోడకి ఉన్న ద్వారాలే.

గుట్ట ఎక్కి పైనుంచి చూశాం. కింద ఊరు, ఇళ్ల మధ్యలో అక్కడక్కడా గోడ ముక్కలు కనిపించాయి. కొన్ని చోట్ల కూలిపోయాయి, కొన్ని చోట్ల ఇళ్లు అడ్డం వచ్చాయి. అయినా కళ్లతో కలుపుకుంటూ పోతే గుట్ట చుట్టూ ఒక వలయం, దాని చుట్టూ ఇంకో వలయం. సైన్సు పుస్తకంలో సూర్యుడిని మధ్యలో పెట్టి గీసిన బొమ్మ లాగే ఉంది! మధ్యలో గుట్ట, మొదటి కక్ష్య కాకతీయులది, రెండో కక్ష్య సుల్తానులది. రామాయణంలో రాముడు దశరథుడి మందిరానికి వెళ్లేటప్పుడు మూడు కక్ష్యలు రథం మీద, రెండు కక్ష్యలు కాలినడకన దాటాడని మేడమ్ చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. అక్కడ కక్ష్య అంటే గోడల మధ్య ఉండే ఆవరణ. రాజు మధ్యలో ఉంటాడు, చుట్టూ ఒకదాని తర్వాత ఒకటి ఆవరణలు. మన పాత జ్యోతిష్కులు ఆకాశాన్ని కూడా ఇలాగే చూశారని నాకు అనిపించింది. భూమి మధ్యలో, చుట్టూ చంద్రుని కక్ష్య, ఆ తర్వాత బుధుడిది, శుక్రుడిది, సూర్యుడిది, ఇలా ఒకదాని వెలుపల ఒకటి. హిందీలో కక్షా అంటే తరగతి ఎలా అయిందో కూడా ఇప్పుడు తెలుస్తుంది. ఆవరణ గది అయింది, గదిలో కూర్చున్న పిల్లలు తరగతి అయ్యారు.

ఇది ఎంత పాత మాటో చూడండి. ఆర్యభటుడు 499లో ఆర్యభటీయం రాశాడు. అందులో గ్రహాలు తిరిగే వృత్తానికి కక్ష్య అనే మాటే వాడాడు. సూర్యసిద్ధాంతం అనే ఇంకో పాత గ్రంథంలో ఒక్కొక్క గ్రహం కక్ష్య ఎన్ని యోజనాలో లెక్క కట్టి చెప్పారు. చంద్రుని కక్ష్య 3,24,000 యోజనాలు. ఆ సంఖ్య ఎలా వచ్చిందో సైన్సు సారు బోర్డు మీద వేసి చూపించారు. వృత్తంలో 360 డిగ్రీలు, ఒక్కో డిగ్రీలో 60 కళలు, మొత్తం 21,600 కళలు. చంద్రుడి దారిలో ఒక్కో కళకి 15 యోజనాలు. రెండూ గుణిస్తే 3,24,000. ఆ గ్రంథం ప్రకారం భూమి వ్యాసం 1,600 యోజనాలు. చుట్టుకొలతకి ఆ రోజుల్లో 10 వర్గమూలంతో గుణించేవారు. అలా చేస్తే భూమి చుట్టుకొలత సుమారు 5,060 యోజనాలు. ఇప్పుడు 3,24,000ని 5,060తో భాగించండి. సుమారు 64 వస్తుంది. అంటే చంద్రుడి దారి భూమి చుట్టుకొలతకి 64 రెట్లు. నేటి లెక్క ప్రకారం చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు. భాగిస్తే సుమారు 60. దుర్బిణి లేని రోజుల్లో అరవైకి బదులు అరవై నాలుగు! నాకు పరీక్షలో అంత దగ్గరగా జవాబు వస్తే చాలు.

అయితే అన్నీ సరిపోయాయని చెప్తే అబద్ధం అవుతుంది. సూర్యుని కక్ష్య 43,31,500 యోజనాలని అదే గ్రంథం చెప్పింది. అది చంద్రుని కక్ష్యకి 13 రెట్ల పైన మాత్రమే. నిజానికి సూర్యుడు చంద్రుని కంటే సుమారు 390 రెట్లు దూరంలో ఉన్నాడు. ఈ తప్పు ఎందుకు వచ్చిందంటే, గ్రహాలన్నీ రోజుకి ఒకే దూరం నడుస్తాయని వాళ్లు అనుకున్నారు. చంద్రుడు ఒక చుట్టు తిరగడానికి 27 రోజుల పైన పడుతుంది, సూర్యుడికి 365 రోజుల పైన పడుతుంది. నడక ఒకటే అయితే ఎక్కువ రోజులు పట్టినవాడి దారి అన్ని రెట్లు పెద్దది కావాలి కదా. లెక్క సరిగానే చేశారు, కానీ మొదట అనుకున్నది తప్పు. భూమిని మధ్యలో పెట్టడం కూడా తప్పే. మాట నిలిచింది, లెక్క మారింది. ఇప్పుడు మధ్యలో సూర్యుడు ఉన్నాడు, అయినా మనం కక్ష్య అనే అంటున్నాం.

ఇక్కడే నాన్నకి చెప్పాల్సిన ఒక సంగతి దొరికింది. సూర్యసిద్ధాంతానికి మల్లికార్జున సూరి అనే పండితుడు 1178లో సంస్కృతంలో వ్యాఖ్య రాశాడు. దానికంటే ముందే ఆయన అదే గ్రంథానికి తెలుగులో వ్యాఖ్య రాశాడు! అంటే మన రాయచూరు కోట శాసనం కంటే వందేళ్లకి పైగా ముందే ఆకాశం లెక్కల్ని తెలుగులో వివరించినవాడు ఉన్నాడు. ఎనిమిది వందల ఏళ్లు దాటిన సంగతి ఇది. తెలుగులో సైన్సుకి మాటల్లేవని ఆయన అనుకోలేదు.

మరి ఇంగ్లీషు మాట సంగతేమిటి? ఆర్బిట్ అనే మాట లాటిన్ భాషలోని ఆర్బిటా నుంచి వచ్చింది. ఆర్బిటా అంటే ఏమిటో చదివి నేను లేచి నిలబడ్డాను. బండి చక్రం నేల మీద చేసే గాడి! పరుగెత్తుకుంటూ వెళ్లి తాతయ్యకి చెప్పాను.

మా తాతయ్యకి ఇప్పుడు డెబ్బై అయిదేళ్లు దాటాయి. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయి కాలవ నీళ్లు ఇటు వచ్చాక, మా ముత్తాత గుంటూరు జిల్లాలో ఉన్న కొద్ది పొలం అమ్ముకుని ఇక్కడికి వచ్చారట. తాతయ్య అప్పుడు చిన్నపిల్లాడు. మా క్యాంపు అప్పుడు నాలుగు పాకలు. ఇదంతా నల్లరేగడి. వానాకాలంలో బండి వెళ్తే చక్రం మోకాలి లోతు దిగేది. ఎండాకాలంలో ఆ గాడి అలాగే గట్టిపడి రాయిలా అయ్యేది. "ఒకసారి గాడి పడిందంటే ఎడ్లని అదిలించక్కర్లేదే అమ్మడూ. బండి దానంతట అదే పోయేది. పగ్గం వదిలేసి నేను బండిలో నిద్రపోయిన రోజులున్నాయి" అన్నారు తాతయ్య. "గాడి తప్పితేనే కష్టం. ఇరుసు విరిగేది."

ఆ మాటలు విన్నాక ఆర్బిట్ అంటే నాకు పుస్తకంలో కంటే బాగా అర్థమైంది. జర్మనీ దేశపు శాస్త్రవేత్త కెప్లర్ 1609లో ఒక గ్రంథం ప్రచురించాడు. అంతకు ముందు యూరప్ పండితుల్లో చాలామంది గ్రహాలు గాజు లాంటి గోళాలకి అతుక్కుని ఉంటాయని, ఆ గోళాలే తిరుగుతాయని నమ్మేవారు. కెప్లర్ ముందున్న టైకో బ్రాహే అనే ఆయన అంగారకుడిని ఏళ్ల తరబడి చూసి రాసిపెట్టిన లెక్కలు కెప్లర్ చేతికి వచ్చాయి. వాటిని పట్టుకుని అంగారకుడి దారి గుండ్రని వృత్తం కాదని, కొంచెం సాగిన దీర్ఘవృత్తమని తేల్చాడు. గోళాలు లేవు, ఉన్నది దారి మాత్రమే. ఆ దారికి ఆయన ఆర్బిటా అనే మాట వాడాడు. ఖాళీ ఆకాశంలో కనబడని బండి గాడి! మనం "బతుకు గాడిలో పడింది", "వాడు గాడి తప్పాడు" అంటాం చూడండి, ఉపగ్రహానికి కూడా అదే మాట సరిపోతుంది. మన పూర్వీకులు చుట్టూ ఉన్న గోడని చూసి పేరు పెట్టారు, వాళ్లు చక్రం వదిలిన జాడని చూసి పేరు పెట్టారు. చూసింది ఒకే ఆకాశాన్ని.

ఇంకొక మాట కూడా చెప్పి ముగిస్తాను. వృత్తానికి మధ్యలో ఉండేది కేంద్రం. ఇది అచ్చంగా మన మాటే అనుకుంటాం. కానీ ఇది గ్రీకు భాషలోని కెంట్రాన్ నుంచి సంస్కృతంలోకి, అక్కడ నుంచి తెలుగులోకి వచ్చింది. కెంట్రాన్ అంటే ఎడ్లని పొడిచే ముల్లుగర్ర. ముల్లుగర్ర మొన లాగా వృత్తలేఖిని మొన కాగితం మీద గుచ్చుకునే చోటు కదా కేంద్రం. ఇంగ్లీషు సెంటర్ కూడా ఆ గ్రీకు మాట నుంచే వచ్చింది. అంటే కేంద్రం, సెంటర్ అక్కాచెల్లెళ్లు. ఒకటి తూర్పుకి కోడలిగా వచ్చింది, ఒకటి పడమటికి వెళ్లింది. సెంటర్ అన్నా ఇంగ్లీషు వాళ్ల సొంతం కాదు, ఆర్బిట్ అన్నా వాళ్ల సొంతం కాదు. వాళ్లూ తెచ్చుకున్నారు. తెచ్చుకుని వాడుకుని, తమది చేసుకున్నారు.

ఇదంతా ఒక ఆదివారం భోజనాల దగ్గర నాన్నకి చెప్పాను. మల్లికార్జున సూరి పేరు చెప్పినప్పుడు ఆయన తినడం ఆపి విన్నారు. "ఆర్బిట్ అంటే గాడా?" అని రెండుసార్లు అడిగారు. తర్వాత, "మాటలున్నాయి సరే, ఉద్యోగాలో?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. తమ్ముడికి సింధనూరులో సీటు కట్టేశారు. వాడు జూన్ నుంచి అక్కడే చదువుతున్నాడు. నాకు నాన్న మీద కక్ష ఏమీ లేదు. వాడు రోజూ సాయంత్రం సైన్సు పుస్తకం తెచ్చి నా పక్కన కూర్చుంటాడు. ఇంగ్లీషులో బట్టీ పట్టింది తెలుగులో చెప్పించుకుంటాడు. మొన్న రివాల్వ్ అంటే ఏమిటని అడిగితే పరిభ్రమణం అన్నాను, రొటేట్ అంటే భ్రమణం అన్నాను. వాడు లేచి తాతయ్య మంచం చుట్టూ తిరిగి "ఇది పరిభ్రమణం" అన్నాడు, ఉన్నచోటే గిర్రున తిరిగి "ఇది భ్రమణం" అన్నాడు. వాడికి మళ్లీ చెప్పాల్సిన పని లేకపోయింది.

కక్ష అంటే పగ ఎలా అయిందో కూడా చెప్పాలి. చంక అంటే శరీరానికి పక్క. పక్క నుంచి పక్షం. కోర్టులో వాది, ప్రతివాది ఇద్దరూ కక్షిదారులే, అంటే ఒక్కో పక్షం వాళ్లు. కన్నడలోనూ కక్షిదార అనే అంటారు. ఎదుటి పక్షం మీద ఉండేది కక్ష. ఇది విని తాతయ్య నవ్వి, "నువ్వు రాసింది తప్పేం కాదులే. కక్ష పెట్టుకున్నవాడు కూడా ఒకదాని చుట్టూనే తిరుగుతుంటాడు, ముందుకు పోడు" అన్నారు. పక్క పొలం వాళ్లతో కాలవ నీళ్ల వంతు మీద గొడవపడి పన్నెండేళ్లు మాట్లాడకుండా ఉన్న మనిషి ఆయన. అందుకే నేనేమీ అనలేదు.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని మీద దిగడం మనందరం బడిలో టీవీ ముందు కూర్చుని చూశాం. అది జూలై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరి మొదట 170 కిలోమీటర్ల దగ్గర, 36,500 కిలోమీటర్ల దూరం ఉండే సాగిన కక్ష్యలో చేరింది. దశలవారీగా దాని దారిని పెంచుకుంటూ పోయి, ఆగస్టు 5న చంద్రుని కక్ష్యలోకి వెళ్లింది. అప్పుడు ఆ మాట పేపర్లలో, టీవీలో ఎన్నోసార్లు విన్నాను, ఎప్పుడూ ఆగి ఆలోచించలేదు. మన దేశపు మొదటి ఉపగ్రహానికి ఆర్యభట అని పేరు పెట్టి 1975 ఏప్రిల్ 19న ప్రయోగించారు. కక్ష్య అనే మాట వాడిన మనిషి పేరుతోనే ఒక ఉపగ్రహం కక్ష్యలో తిరిగిందన్న మాట.

మిత్రులారా, మన బడిలో ఏటా పిల్లలు తగ్గుతున్నారని మనందరికీ తెలుసు. అది నా ఒక్క వ్యాసంతో ఆగదు. కానీ మన పుస్తకంలోని మాటలు చిన్నవి కావు. ఒక్కో మాట ఎన్నో ఊళ్లు తిరిగి, ఎన్నో కోటలు దాటి మన దాకా వచ్చింది. మా తాతయ్య లాగే అవీ ఎక్కడ నుంచో వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. ఎప్పుడైనా రాయచూరు వెళ్తే గుట్ట ఎక్కి కోట గోడల్ని ఒకసారి చూడండి. కక్ష్య అంటే ఏమిటో అక్కడ కనిపిస్తుంది.

అన్నట్టు, సైన్సు సారుకి ఈ వ్యాసం చూపించి నా అర మార్కు అడిగాను. కన్నడలో య ఒత్తు లేదు కదా సార్ అని కూడా అన్నాను. సారు అంతా చదివి, "నువ్వు రాసింది తెలుగు పేపరు కదమ్మా" అన్నారు. అర మార్కు ఇవ్వలేదు. నేనిక జన్మలో ఆ ఒత్తు వదలను.